కొత్త చైన్‌సాకు పెట్రోలు, గొలుసు, మార్పులు: ఏది ముందు, ఏది తర్వాత

కొత్తగా చైన్‌సా (పెట్రోలుతో నడిచే గొలుసు రంపం) కొన్నవారిలో చాలామంది మొదటి వారంలోనే రెండు ప్రశ్నలు అడుగుతారు: సైలెన్సర్ రంధ్రం పెద్దది చేయిస్తే బలం పెరుగుతుందా అని ఒకటి, ఇంకా పొడవైన బారు, అంటే గొలుసు చుట్టూ తిరిగే ఇనుప పట్టీ, వేసుకోవచ్చా అని మరొకటి. ట్యాంకులో ఏ పెట్రోలు పోస్తున్నారు, అందులో ఏ ఆయిల్ ఎంత కలుపుతున్నారు, గొలుసు పళ్లకు ఎప్పుడు పదును పెట్టారు అని నేను తిరిగి అడిగితే స్పష్టమైన సమాధానం అరుదుగా వస్తుంది. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల తోటల్లోనూ కాలువ గట్లమీదా ఈ మిషనుతో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. నా కళ్లముందు పాడైన మిషన్లలో ఎక్కువ భాగం పెట్రోలు వల్ల పాడయ్యాయి. బలం చాలడం లేదని పక్కన పెట్టినవాటిలో ఎక్కువ భాగం గొలుసు మొద్దుబారినవే. డబ్బు, శ్రద్ధ ఆ క్రమంలోనే పెట్టాలి. మార్పుల ఆలోచన ఆ రెండూ కుదిరాకే.

ఆయిల్ ఎంపిక, కలిపే పాళ్లు

చైన్‌సాలో ఉండేది టూ స్ట్రోక్ ఇంజను. మోటారు సైకిలుకు ఉన్నట్టు దీనికి విడిగా ఇంజన్ ఆయిల్ గది ఉండదు. పిస్టన్‌కూ, సిలిండర్ గోడకూ, క్రాంక్ బేరింగులకూ అందే జిడ్డంతా మనం పెట్రోలులో కలిపిన ఆయిలే. నిమిషానికి పదీ పన్నెండు వేల సార్లు తిరిగే ఇంజనులో ఆ జిడ్డు కొద్దిసేపు తప్పినా పిస్టన్ మీద గీతలు పడి సిలిండర్‌కు పట్టేస్తుంది. అందుచేత ఆయిల్ డబ్బాపై ధర కంటే ముందు శ్రేణి చూడాలి. జాసో ఎఫ్‌డి అని గాని, ఐఎస్‌ఓ-ఎల్-ఈజీడీ అని గాని అచ్చయి ఉన్న ఆయిల్ తక్కువ పొగతో, తక్కువ మసితో కాలుతుంది కాబట్టి 50:1 పాళ్లకు (50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు ఆయిల్) అది సరిపోతుంది. స్కూటర్ల కాలం నుంచి అమ్ముతున్న మామూలు టూటీ ఆయిల్‌లో అంతకంటే తక్కువదైన ఎఫ్‌బి శ్రేణివి కూడా ఉంటాయి; వాటిని అంత పలచగా కలపకూడదు. నిజాంపట్నం, మచిలీపట్నం వైపు పడవల ఇంజన్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ మంచిదే అయినా అది నీటితో చల్లబడే ఇంజన్ల కోసం చేసినది, గాలితో చల్లబడే చైన్‌సా వేడికి తగినది కాదు. మోటారు సైకిళ్లలో పోసే ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్‌నైతే ఎంత చిక్కగా కలిపినా వాడకూడదు.

పాళ్లు మిషనుతో వచ్చిన మాన్యువల్‌లో ఉంటాయి, వాటినే పాటించాలి. 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మి.లీ. ఆయిల్, 40:1 అంటే 25 మి.లీ., 25:1 అంటే 40 మి.లీ. ఐదు లీటర్ల డబ్బాకు వరుసగా 100, 125, 200 మి.లీ. అవుతుంది. సీసా మూతతో ఉజ్జాయింపుగా పోయకుండా, మందుల దుకాణంలో దొరికే సిరంజితో గాని, గీతలున్న కొలపాత్రతో గాని కొలవండి. ముందు కొద్దిగా పెట్రోలు, తర్వాత మొత్తం ఆయిల్ పోసి కుదిపి, ఆపైన మిగిలిన పెట్రోలు పోసి మళ్లీ కుదపాలి. ఈ కలపడమంతా విడి డబ్బాలోనే జరగాలి తప్ప మిషను ట్యాంకులో కాదు.

ఆయిల్ కాస్త ఎక్కువైతే ఇంజనుకు మేలే అన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. అది నిజం కాదు. ఆయిల్ ఎక్కువైనంత మేర ఆ మిశ్రమంలో కాలే పెట్రోలు తగ్గుతుంది, అంటే గాలి పాలు పెరిగి ఇంజను మరింత వేడెక్కుతుంది. మిగిలిన ఆయిల్ సగం కాలి స్పార్క్ ప్లగ్ మీదా సైలెన్సర్ జాలీలోనూ మసిగా పేరుకుంటుంది. 50:1 అని రాసి ఉన్న మిషనుకు భయంకొద్దీ 25:1 కలిపేవారి ప్లగ్గులు పదేపదే ఆరిపోవడానికి కారణం ఇదే.

బంకు పెట్రోలులో ఇథనాలు

ఈ విషయం మీద కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఇప్పుడు కొంటున్న కొత్త మిషన్లకు అసలు గండం ఇక్కడే ఉంది. మన దేశంలో పెట్రోలులో ఇథనాలు పాలు 2022 జూన్ నాటికి 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇప్పుడు విజయవాడలోనైనా పల్లెటూరి బంకులోనైనా మామూలు పెట్రోలు అంటే ఈ20 అనే అనుకోవాలి. చైన్‌సా తయారీదారులు చాలామంది, చేత్తో సరిచేసే కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) ఉన్న మిషన్లకు 10 శాతం మించిన ఇథనాలు వద్దని మాన్యువల్‌లోనే రాస్తారు. స్టిల్ వారి ఎం-ట్రానిక్, హస్క్‌వార్నా వారి ఆటోట్యూన్ వంటి ఏర్పాటు ఉన్న మిషన్లు మిశ్రమాన్ని తమంతట తామే సరిచేసుకుంటాయి. అయినా ఎంత శాతం వరకు అనుమతి ఉందో మీ మోడల్ మాన్యువల్‌లో చూసుకున్నాకే పోయండి.

ఇథనాలు చేసే చెరుపు మూడు రకాలు. మొదటిది, దాని అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పూర్తిగా కాలడానికి బయటి గాలి తక్కువ చాలు. ఒక పాలు పెట్రోలు కాలడానికి బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాలుకు 9 పాళ్లు సరిపోతాయి. అదే గాలికి ఈ20 అయితే ఇథనాలు లేని పెట్రోలుకంటే సుమారు 8 శాతం ఎక్కువ ఇంధనం అందాలి. పాత పెట్రోలుకు సరిచేసిన కార్బ్యురేటర్ ఆ ఎక్కువను ఇవ్వదు. గాలీ ఇంధనమూ కలిసిన మిశ్రమం పలచబడుతుంది, ఇంజను వేడెక్కుతుంది, ఇంధనంతో పాటు అందాల్సిన ఆయిల్ కూడా తగ్గుతుంది. మే నెలలో 45 డిగ్రీల ఎండలో, ఆగకుండా నల్లతుమ్మ మొద్దులు కోస్తున్నప్పుడు ఈ మూడూ కలిస్తే పిస్టన్ నిలవదు. రెండవది, ఇథనాలు రబ్బరు గొట్టాలను, కార్బ్యురేటర్‌లోని పలచటి పొరలను ఉబ్బించి, తర్వాత గిడసబారేలా చేస్తుంది. మూడవది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కృష్ణా తీరంలో జూలై నుంచి నవంబరు వరకు ఉండే తేమలో మూత వదులైన డబ్బాలోని పెట్రోలు కొన్ని వారాలకే నీరు పట్టి, ఒక హద్దు దాటాక ఇథనాలూ నీరూ కలిసి అడుగుకు దిగిపోతాయి. ట్యాంకులో ఇంధనం పీల్చే గొట్టం చివర ఉండేది ఆ అడుగునే. ఆయిల్ పైపొర పెట్రోలులో ఉండిపోతుంది కాబట్టి ఇంజనుకు చేరేది జిడ్డు లేని నీటి మిశ్రమం. నా మొదటి మిషను ఇలాగే పోయింది. ఖరీఫ్ నాట్లకు ముందు కలిపిన పెట్రోలును దసరా తర్వాత పోసి, వాలిపోయిన వేపచెట్టు కొమ్మలు కోస్తూ ఉండగా ఇంజను ఒక్కసారి కీచుమని ఆగిపోయింది. విప్పి చూస్తే పిస్టన్ పక్కంతా గీతలే. సిలిండర్, పిస్టన్ మార్చిన ఖర్చు మిషను ధరలో దాదాపు సగం అయింది.

మీ ప్రాంతంలో దొరికే పెట్రోలులో ఇథనాలు ఎంత ఉందో ఇంట్లోనే చూసుకోవచ్చు. మూత ఉన్న 100 మి.లీ. గాజు కొలజాడీలో 10 మి.లీ. నీళ్లు పోసి, దానిమీద 100 గీత వరకు పెట్రోలు పోసి, మూత పెట్టి నెమ్మదిగా కుదిపి, పది నిమిషాలు కదలకుండా ఉంచండి. ఇథనాలు నీటిలోకి దిగిపోతుంది కాబట్టి అడుగు పొర 10 దాటి ఎంత పెరిగిందో అదే సుమారుగా దాని పాలు. 26, 28 దగ్గర గీత నిలిచిందంటే అది ఈ20. నిప్పుకు, పొయ్యికి దూరంగా ఆరుబయట చేయండి, పరీక్షకు వాడిన పెట్రోలును మళ్లీ మిషనులో పోయకండి. నీటితో కడిగి ఇథనాలు తీసేసిన పెట్రోలు వాడే పద్ధతి ఒకటి కొందరు చెబుతారు. అందులో తేమ మిగులుతుంది, ఆక్టేన్ (పెట్రోలు సమయానికి ముందే పేలిపోకుండా నిలిచే గుణం) కూడా పడిపోతుంది కాబట్టి నేను దాన్ని సమర్థించను.

బంకులో ప్రీమియం పెట్రోలు దొరికితే ఆక్టేన్ సంఖ్య చూసి సంతృప్తి పడకుండా, ఇథనాలు శాతం ఎంత అని అడగండి. ఆక్టేన్ ఎక్కువైనంత మాత్రాన ఇథనాలు లేనట్టు కాదు. ఇథనాలు తక్కువ ఉన్నది దొరికితే మిషను వరకు దానికి కాస్త ఎక్కువ పెట్టడం దండగ కాదు. దొరకనప్పుడు ఈ20తోనే నడపాల్సి వస్తే మూడు జాగ్రత్తలు తప్పవు: రెండు మూడు వారాల్లో అయిపోయేంతే కలపడం, గొట్టాన్నీ ఫిల్టరునూ ఏడాదికోసారి మార్చడం, కార్బ్యురేటర్‌ను ఆ పెట్రోలుతోనే సరిచేయించడం.

ఆ సరిచేయడం ఇలా ఉంటుంది. ముందు ఎయిర్ ఫిల్టరు శుభ్రం చేసి, పదునైన గొలుసు వేసి, మూడు నాలుగు నిమిషాలు కొమ్మలు కోసి ఇంజనును వేడెక్కనివ్వాలి. తక్కువ వేగంలో ఇంధనాన్ని సర్దే ఎల్ స్క్రూతో, రేస్ ఇవ్వగానే తడబడకుండా లేచేలా చూసి, ఐడిల్ స్క్రూతో గొలుసు కదలకుండా ఇంజను ఆడేలా చూడాలి. తర్వాత పూర్తి వేగంలో ఇంధనాన్ని సర్దే హెచ్ స్క్రూను ఎడమవైపుకు, ఒక చుట్టులో ఎనిమిదో వంతు చొప్పున తిప్పుతూ, ఖాళీగా పూర్తి రేస్‌లో శబ్దం సన్నగా కూతపెట్టే స్థితి నుంచి కొంచెం గరగరలాడే స్థితికి వచ్చేదాకా తేవాలి. కొమ్మలోకి దిగగానే ఆ గరగర పోయి శబ్దం నున్నగా మారితే మిశ్రమం సరిగ్గా ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు కూడా నున్నగా, చెవి గింగురుమనేలా కూస్తుంటే పలచబడింది, వెంటనే ఆపండి. ఇంజను వేగం కొలిచే టాకోమీటరు ఉన్న మెకానిక్కు అయితే మాన్యువల్‌లోని గరిష్ఠ వేగం అంకెతో పోల్చి చెబుతాడు. చెవి కుదిరేదాకా మొదటి రెండు మూడుసార్లు అలాంటివారి దగ్గర చేయించడమే మంచిది. కొత్త మిషనును మొదటి మూడు ట్యాంకులు అయ్యేదాకా ఖాళీగా పూర్తి రేస్‌లో ఉంచకూడదు.

నిల్వకు లోహపు డబ్బా గాని, ఇంధనం కోసమే చేసిన గట్టి ప్లాస్టిక్ క్యాన్ గాని వాడి, దానిమీద కలిపిన తేదీ, పాళ్లు రాసి, నీడలో పెట్టండి. వేసవిలో లోపల ఆవిరి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి మూత నెమ్మదిగా వదులు చేయాలి. వేడి మిషనులో పెట్రోలు పోయకండి. చల్లారాక పోసి, ఆ చోటికి కనీసం మూడు మీటర్ల దూరం జరిగి స్టార్ట్ చేయండి. నెల దాటి వాడబోమనుకుంటే ట్యాంకు ఖాళీ చేసి, ఇంజను తనంతట ఆగేదాకా ఆడించి పెట్టాలి.

గొలుసుకు అందే ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. వర్క్‌షాపుల్లో తీసేసిన నల్లటి పాత ఇంజన్ ఆయిల్‌ను ఇందులో పోయడం మన దగ్గర మామూలైపోయింది. దానిలోని లోహపు రజను ఆయిల్ పంపునూ బారు గాడినీ అరగదీస్తుంది, గొలుసు చిమ్మిన తుంపర్లు కోసేవారి చర్మానికీ ఊపిరికీ హాని చేస్తాయి. బారుకు అంటుకునే చైన్ ఆయిల్ దొరకకపోతే కొత్త ఎస్ఏఈ 40 ఇంజన్ ఆయిల్ మన ఎండలకు పనికొస్తుంది. బారు కొసను తెల్ల కాగితానికి జానెడు దూరంలో పెట్టి రేస్ ఇచ్చినప్పుడు ఆయిల్ గీత పడాలి.

గొలుసు

గొలుసు కొనే ముందు మూడు అంకెలు తెలియాలి: పిచ్, గేజి, డ్రైవ్ లింకుల సంఖ్య. బారు మీద సాధారణంగా అవి చెక్కి ఉంటాయి. చెరిగిపోతే వరుసగా మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి సగం చేయండి, అదే పిచ్. సుమారు 8.25 మి.మీ. వస్తే .325 అంగుళం, 9.3 నుంచి 9.5 మధ్య వస్తే 3/8. గేజి అంటే బారు గాడిలో కూర్చునే లింకు మందం: .043, .050, .058, .063 అంగుళాలు, అంటే 1.1, 1.3, 1.5, 1.6 మి.మీ. డ్రైవ్ లింకులు చేత్తో లెక్కపెట్టుకోవాల్సిందే. మన దుకాణాల్లో ఎక్కువగా అమ్ముడయ్యే .325 పిచ్, .058 గేజి మిషన్లలో 18 అంగుళాల బారుకు 72, 20 అంగుళాలకు 76, 22 అంగుళాలకు 86 లింకులు ఉండటం మామూలే గాని, బారు తయారీని బట్టి ఒకటి రెండు తేడా వస్తుంది. ఇరవై అంగుళాల గొలుసు ఇమ్మని మాత్రం అడిగితే సరైనది దొరుకుతుందన్న హామీ లేదు. పాత గొలుసును చేతిలో పట్టుకుని వెళ్లండి. గొలుసు, బారు కొస చక్రం, క్లచ్ దగ్గర గొలుసును తిప్పే పళ్ల చక్రం (స్ప్రాకెట్) మూడింటి పిచ్ ఒకటే అయి ఉండాలి.

పన్ను ఆకారం రెండు రకాలు. ఫుల్ చిజెల్ పన్ను మూల చదరంగా ఉంటుంది, శుభ్రమైన పచ్చి కర్రలో వేగంగా దిగుతుంది, మట్టి తగిలితే అంతే వేగంగా మొద్దుబారుతుంది. సెమీ చిజెల్ పన్ను మూల కొద్దిగా గుండ్రంగా ఉంటుంది. వేగం కాస్త తక్కువైనా పదును నిలుస్తుంది, పొలంలోనే ఆకురాయితో సరిచేసుకోవడం తేలిక. నందిగామ, జగ్గయ్యపేట వైపు సుబాబుల్, జామాయిల్ తోటల్లో నిలబడి ఉన్న చెట్లను వరుసగా కోసేవారికి, పదును పెట్టడం బాగా తెలిసినవారికి ఫుల్ చిజెల్ సరే. మిగిలిన అందరికీ నేను సెమీ చిజెల్‌నే చెబుతాను. చింత, వేప, నల్లతుమ్మ చేవ గట్టిది; సర్కారు తుమ్మ బెరడు నిండా దుమ్ము; కాలువ గట్టున పడిన మాను బెరడు సందుల్లో ఇసుక; రోడ్డు పక్క చెట్లకు బోర్డులు కొట్టిన మేకులు. తాడి మొద్దు సంగతి వేరు. పైన నల్లటి గట్టి ఈనెలు, లోపల మెత్తటి పీచు కాబట్టి ఆ పీచు స్ప్రాకెట్ మూతలో చుట్టుకుపోతుంది. రెండు కోతలకోసారి మూత తీసి శుభ్రం చేయక తప్పదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు పడిన చెట్లను కోసిన రోజుల్లో, బురద అంటిన మొద్దులమీద ఫుల్ చిజెల్ గొలుసు ఒక్క ట్యాంకు కూడా నిలవలేదు, సెమీ చిజెల్ రెండు ట్యాంకులు లాగింది. కోత పడేచోట బెరడును గొడ్డలితో చెక్కి, నీళ్లతో కడిగి కోస్తే ఏ గొలుసైనా ఇంకాస్త ఎక్కువ పనిచేస్తుంది.

ఈ గొలుసు పన్ను పుట్టుక కూడా మన మామిడి రైతులకు పరిచయమైన పురుగుతో ముడిపడి ఉంది. 1946లో అమెరికాలోని ఆరెగన్‌లో జోసెఫ్ కాక్స్ అనే ఆయన ఒక మొద్దులో పెంకుపురుగు పిల్ల చెక్కను అటూ ఇటూ కొరుకుతూ తేలిగ్గా తొలిచేయడం చూసి, దాని వంపు దవడల పోలికలో కుడి, ఎడమ పళ్లున్న గొలుసు తయారుచేశాడు. నూజివీడు మామిడి తోటల్లో కాండాన్ని తొలిచే పురుగుదీ అదే కుటుంబం. కుడి ఎడమల పళ్లు సమానంగా కొరకాలన్న నియమం అప్పటినుంచీ ఉన్నదే, అందుకే ఒకవైపు పళ్లు పొట్టిగా అరిగిన గొలుసు కోతను వంకర తిప్పేస్తుంది.

కోసేటప్పుడు ముక్కలు ముక్కలుగా పొట్టు రావాలి. పిండిలా రాలుతుంటే, లేదా మిషనును చేత్తో నొక్కితేగాని దిగకపోతే పదును పోయింది. ప్రతి ట్యాంకు నింపేటప్పుడు ఆకురాయి పట్టించడం అలవాటు చేసుకోండి. సన్నటి 3/8 లో-ప్రొఫైల్ గొలుసుకు 4.0 మి.మీ., .325కు 4.8 మి.మీ., పెద్ద 3/8కు 5.2 లేదా 5.5 మి.మీ. గుండ్రటి ఆకురాయి వాడాలి. ఆకురాయి మందంలో ఐదో వంతు పన్ను పైఅంచుకు పైన ఉండేలా, గొలుసు మీద రాసిన కోణంలో, సాధారణంగా 30 డిగ్రీలలో, లోపలి నుంచి బయటికి మాత్రమే తోయాలి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. అన్ని పళ్లకూ ఒకే లెక్కన రెండో మూడో తోపులు చాలు. మొదలుపెట్టిన పన్నుకు సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. నాలుగైదుసార్లకోసారి పన్ను ముందుండే రేకర్ (పన్ను ఎంత లోతు దిగాలో నిర్ణయించే గుబ్బ) ఎత్తును దానికోసం అమ్మే కొలపట్టీతో చూసి, పన్ను కంటే సుమారు 0.65 మి.మీ. దిగువన ఉండేలా చదును ఆకురాయితో సరిచేయాలి. త్వరగా దిగాలని రేకర్‌ను మరీ తగ్గిస్తే గొలుసు కర్రను పట్టేసి మిషనును మన మీదికి ఎగదన్నిస్తుంది.

బిగువు విషయంలో, గొలుసు బారు కింది అంచుకు అంటి ఉండాలి, చేతి తొడుగు వేసుకుని లాగితే తేలిగ్గా కదలాలి. కొత్త గొలుసు మొదటి గంటలో సాగుతుంది, మాటిమాటికీ చూడాలి. వేడి మీద బిగించిన గొలుసును పని అయ్యాక వదులు చేయకపోతే చల్లారి కుంచించుకుని బేరింగును లాగేస్తుంది. రెండు గొలుసులు అరిగేసరికి స్ప్రాకెట్ కూడా మార్చాలి.

మార్పులు

నేను అందరికీ చెప్పే మొదటి మార్పు బారును పొట్టిది చేసుకోవడం. 22 అంగుళాల బారుతో అమ్మిన మిషనుకు 18 అంగుళాలది వేస్తే పదును పెట్టాల్సిన పళ్లు తగ్గుతాయి, ఆయిల్ కొసదాకా అందుతుంది, చేతి బరువు తగ్గుతుంది, ఇంజను గట్టి కర్రలో ఆగిపోదు. రెండు వైపుల నుంచి కోస్తే బారుకు దాదాపు రెట్టింపు లావున్న మానునూ కోయవచ్చు. ఇథనాలుకు తట్టుకునే గొట్టం, మంచి ఫిల్టరు, మొద్దుకు ఆనించే ఇనుప ముళ్లు, కోత మూసుకుపోకుండా అందులో దిగగొట్టే ప్లాస్టిక్ వెడ్జ్‌లు డబ్బుకు తగినవే. తలకు హెల్మెట్, చెవులకు మఫ్‌లు, కాళ్లకు గొలుసును ఆపే చాప్స్ వీటన్నిటికంటే ముందు కొనాలి.

సైలెన్సర్ తెరిపించడం, సిలిండర్ కింది గాస్కెట్ తీసేయడం, పోర్టులు (సిలిండర్ గోడలో గాలి, పొగ వెళ్లే దారులు) అరగదీయించడం వంటివి విజయవాడ ఆటోనగర్‌లో లేత్ పనివారు అడిగితే చేసిపెట్టగలరు. పొగ సులువుగా పోతే గాలి ఎక్కువ వస్తుంది, దానికి సరిపడా పెట్రోలు పెంచకపోతే మిశ్రమం ఇంకా పలచబడుతుంది. ఈ20తో ఇప్పటికే పలచగా నడుస్తున్న మిషనుకు ఇది రెండో దెబ్బ. వారంటీ పోతుంది, చప్పుడు పెరుగుతుంది. సైలెన్సర్‌లోని నిప్పురవ్వల జాలీ కూడా తీసేస్తే గడ్డివాముల దగ్గర, ఎండుమిర్చి కళ్లాల దగ్గర పనిచేసే మన ప్రాంతంలో అది ప్రమాదమే. ఏడు పళ్ల స్ప్రాకెట్ స్థానంలో ఎనిమిది పళ్లది వేస్తే గొలుసు వేగం పెరిగి లాగే శక్తి తగ్గుతుంది. జామాయిల్ కొమ్మలకు సరే, చింత మొద్దుకు కాదు. రోజంతా కోయడమే వృత్తి కానివారికి వీటిలో ఏదీ అవసరం లేదు. ఏడాదికి రెండుసార్లు పెరటి కొమ్మలు కోసేవారు అసలు బ్యాటరీ రంపమో కరెంటు రంపమో తీసుకుంటే పెట్రోలు తలనొప్పే ఉండదు.

ఒక్క మార్పును మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దని గట్టిగా చెబుతాను. ముందు పిడి దగ్గరుండే చైన్ బ్రేకును అడ్డంగా ఉందని విప్పేసే అలవాటు కూలి కోతల్లో ఉంది. బారు కొస పై భాగం కొమ్మకు తగిలినప్పుడు మిషను కంటిరెప్ప వేసేలోపు మొహం వైపు ఎగురుతుంది. ఆ క్షణంలో గొలుసును ఆపేది ఆ బ్రేకే. పాత మిషను కొంటే అది పనిచేస్తుందో లేదో ముందు చూడండి. గొలుసు తెగితే పట్టే చిన్న కొక్కెం క్లచ్ మూత కింద ఉంటుంది, అది విరిగి ఉంటే కొత్తది వేయించాకే మొదటి కోత వేయండి.